గోడమీది పులి



గత మాఘమాసమున మా పెద్దపిల్లవానికి ఉపనయనము చేసితిమి. పురోహితులు వ్రాసియిచ్చిన సంభారముల పట్టికలో పసుపు, కుంకుమ, దర్భలు, మోదుగుకఱ్ఱ, ముంజగడ్డి మొదలైనవన్నియు వరుసగా ఉన్నవి. పట్టిక చివర, మఱచినదేదో జ్ఞాపకము తెచ్చుకొన్నట్లు, “కృష్ణాజినము - చిన్న ముక్క” అని మఱియొక పంక్తి కలదు. తక్కిన వస్తువులు అరగంటలో దొరకినవి. ఈ ఒక్కదానిని అడుగగానే పూజాద్రవ్యముల దుకాణదారుడు నా వెనుక నిలిచినవారి వైపు ఒకసారి చూచి, “అది పైకి పెట్టమండీ. ఒక్క నిమిషం కూర్చోండి” అని లోపలికి పోయెను. తెచ్చిన పొట్లములో బొటనవ్రేలంత చర్మపుముక్క ఉన్నది. దారము దూర్చుటకు అంచున రంధ్రము సైతము చేసియున్నారు. వెల నాలుగువందల రూపాయలు. “రశీదు ఇస్తారా?” అని అడిగితిని. ఆయన నవ్వి, పొట్లమును మఱల మడిచి బల్లసొరుగులో వేసికొనెను.

ఆ నవ్వునకు అర్థమేమో తెలిసికొందమని ఇంటికి వచ్చి చట్టపుస్తకము తెఱచితిని. చదువుట పూర్తికాక మునుపే విజయనగరము జిల్లానుండి మా బావ టెలిఫోను చేసెను. అతడు మా మేనమామ కుమారుడు. మామయ్య పోయి అప్పటికి రెండు నెలలు. వారి యింటి నడవలో, గోడమీద, మా తాతగారు 1961లో కాల్చిన చిరుతపులి చర్మము తలతో సహా ఉన్నది. చిన్నతనమున సెలవులకు పోయినపుడు రాత్రివేళ ఆ నడవ దాటుటకు నాకు భయము. ఆ చర్మమును కొనుటకు పట్టణమునుండి ఒకరు వచ్చి రెండున్నర లక్షలు ఇత్తుననెనట. అత్తయ్యకు రెండు మోకాళ్లకును శస్త్రచికిత్స చేయింపవలెనని వైద్యులు చెప్పి ఆరు మాసములైనది. “కాగితం ఉంది బావా! మొదట తాతగారి పేర, తరవాత నాన్న పేర. కొనేవాడు కూడా కాగితం ఉంటేనే కొంటానంటున్నాడు. అంతా చట్టప్రకారమే” అని మా బావ ధైర్యముగా చెప్పెను. నాకును ఆ మాట నిజమైన బాగుండుననియే తోచినది. ఆ రాత్రి నేను చట్టమును చదివినది న్యాయదృష్టితో కాదు. ఎచ్చటనైన సందు దొరకునేమోయను ఆశతో చదివితిని. ఆ సంగతి మొదటనే ఒప్పుకొనుట మంచిది.

సందు దొరకలేదు. ఎందుచేత దొరకలేదో చెప్పుటయే ఈనాటి నా ప్రసంగము.

మన దేశమున వేట ఒకప్పుడు నేరము కాకపోవుటయే గాక గౌరవచిహ్నము. సంస్థానాధీశుల సభాభవనములలో, జమీందారుల దివాణములలో, దొరల బంగళాలలో పులితల లేని గోడ వెలితిగా ఉండెడిది. క్రికెట్ లోకమున ‘విజ్జీ’ యని పేరొందిన విజయనగర మహారాజకుమారులు మూడువందలకు పైగా పులులను వేటాడితినని చెప్పుకొనెడివారట. 1936లో భారతజట్టునకు నాయకులై ఇంగ్లండు వెళ్లినవారు వీరే. ఆయన పరుగుల లెక్క కంటె పులుల లెక్కయే గొప్పదని ఆ కాలపు రసికులు కొందఱు నవ్వుకొనెడివారు కాబోలు! మా తాతగారు జమీందారులు కారు. తాలూకా కచేరీ ఉద్యోగి. గ్రామములో మేకలనెత్తుకొనిపోవుచున్న చిరుతను, ఊరివారు ప్రార్థింపగా, ఎవరిదో తుపాకి అడిగి తెచ్చి కాల్చిరి. ఆయన జీవితములో అది మొదటి వేట, తుది వేట. అయినను ఆ చర్మమును ఉప్పు రాచి, ఎండబెట్టి, రైలుపార్సెలులో మైసూరు పంపిరి. చర్మము మఱలి వచ్చువఱకు ఊరిలో ఎవరికిని నిద్రలేదని అమ్మమ్మ చెప్పెడిది.

మైసూరునకు ఎందులకు పంపిరన్న సందేహము కలుగవచ్చును. వాన్ ఇంజెన్ అండ్ వాన్ ఇంజెన్ అను చర్మశిల్పుల కార్యశాల అచ్చట ఉండెడిది. యూజీన్ వాన్ ఇంజెన్ అనునాయన 1900 ప్రాంతమున దానిని స్థాపించెను. ఆయన కుమారులు దానిని పెంపొందించి 1999 వఱకు నడపిరి. ఆ సోదరులలో చివరివారు నిండునూఱేండ్లు బ్రదికి 2013లో స్వర్గస్థులైరి. ఈ ఒక్క కార్యశాలనుండి వెలువడిన పులులు, చిరుతలు కలిసి నలుబదివేలకు మించినవని దాని చరిత్రను పరిశీలించినవారు లెక్కకట్టిరి. ఈ సంఖ్యను పలుమారులు మనస్సులో చెప్పుకొని చూడుడు. దేశమంతటను జరిగిన వేటలో అది ఒక్క కార్యశాలకు చేరిన భాగము మాత్రమే.

మన పల్లెలలో దీనిని ‘గడ్డికూరిన పులి’ అందురు. నిజమునకు మంచి పనివారు గడ్డి కూరరు. గడ్డి కూరిన జంతువు కొన్నియేండ్లకు బస్తావలె ఉబ్బి, కుట్లు విడి, హాస్యాస్పదమగును. వాన్ ఇంజెన్ వారు జంతువు యొక్క కండరముల తీరు, ఎముకల నిర్మాణము పరిశీలించి మూసలు చేసికొనిరి. ఆ మూసలలో కాగితపుగుజ్జుతో తేలికయైన దేహాకృతి సిద్ధమగును. పదునుపెట్టిన చర్మమును దానికి చొక్కా తొడిగినట్లు తొడిగి, ముడుతలు సరిదిద్ది కుట్టుదురు. కన్నులు గాజువి. నాలుకకు, చిగుళ్లకు రంగులు వేయుదురు. కోఱలు కనబడునట్లు నోరు తెఱచి గుఱ్ఱుమనుచున్న ముఖము వారి పనితనమునకు ముద్ర. మా తాతగారి చిరుత కూడ అట్లే గుఱ్ఱుమనుచుండును. పాపము, ఆ జంతువు బ్రదికియుండగా మా ఊరి మేకలు తప్ప మఱెవ్వరును దాని కోఱలు చూచియెఱుగరు.

ఒక చిన్న హెచ్చరిక. పాతకాలమున పురుగు పట్టకుండుటకై ఇట్టి చర్మములకు పాషాణము కలిపిన సబ్బు పూయుట ఐరోపానుండి వచ్చిన వాడుక. కావున ఎవరియింటనైన పాత చర్మము, పాత తల ఉన్నచో పసిపిల్లలను దానిపై ఆడనీయరాదు. ముట్టినవారు చేతులు కడుగుకొనవలెను. మేము చిన్నతనమున పగటివేళ ఆ చిరుత మీసములు లాగుట పందెముగా పెట్టుకొంటిమి. ఇపుడు తలచుకొనిన ఒడలు జలదరించుచున్నది.

ఇక చట్టము మాట. 1970లో పులివేట నిషేధింపబడెను. 1972లో లెక్క తీయగా దేశమున మిగిలిన పులులు సుమారు 1,827 అని తేలినది. ఆ సంవత్సరమే పార్లమెంటు వన్యప్రాణి సంరక్షణ చట్టమును చేసెను. అప్పటి రాజ్యాంగపద్ధతి ననుసరించి వన్యప్రాణులు రాష్ట్రముల అధికారపరిధిలోనివి. కావున కేంద్రము చట్టము చేయవలెనని కొన్ని రాష్ట్రముల శాసనసభలు తీర్మానించి కోరవలసివచ్చినది. అట్లు కోరిన రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. చట్టపు పీఠికలో మొదటి పేరు మన రాష్ట్రముదే. అక్షరక్రమము చేతనే అయినను, చదివినపుడు నాకు సంతోషము కలిగినది.

ఈ చట్టమున ‘ట్రోఫీ’ అను మాట ఒకటి కలదు. ఆటలలో గెలిచిన వెండిగిన్నె కాదు. వన్యమృగము యొక్క దేహము గాని, దానిలో ఏ భాగము గాని, ఏ విధముగనైన నిలువచేయబడినచో అది ట్రోఫీ. చర్మము, శాస్త్రప్రకారము నిలిపిన తల, కొమ్ము, ఎముక, గోరు, దంతము, రోమము, ఈక, గ్రుడ్డు, పక్షిగూడు, కడకు తేనెపట్టు సైతము ఆ నిర్వచనములో చేరినవి. మా పురోహితులు కోరిన బొటనవ్రేలంత ముక్కయు ట్రోఫీయే, మా తాతగారి ఆరడుగుల చిరుతయు ట్రోఫీయే. చట్టమునకు పరిమాణముతో పనిలేదు.

చట్టము వచ్చునాటికే ఇండ్లలో ఉన్న పాత వస్తువుల గతి యేమి? వానిని ముప్పది దినములలో ప్రకటించినచో ప్రధాన వన్యప్రాణి సంరక్షణాధికారి పరీక్షించి యాజమాన్య ధ్రువపత్రము ఇచ్చునని ఏర్పాటు. తాతగారు అట్లే 1973లో పత్రము పొందిరి. తెలియక ప్రకటింపనివారి కొఱకు 2003లో కేంద్రము మఱియొక అవకాశము కల్పించినది. ఆ సంవత్సరము ఏప్రిల్ 18వ తేదీని నియమములు వెలువడెను. గడువు 180 దినములు. అది ముగిసి రెండు దశాబ్దములు దాటినది. “మా యింట పాతకాలపు జింకచర్మము ఉన్నది, ఇపుడు పత్రము తెచ్చుకొందము” అనుకొనువారికి ఆ ద్వారము మూతపడినది.

పత్రమున్నవారు అమ్ముకొనవచ్చునా? మా బావ ప్రశ్న ఇదియే. 1986లో చట్టమును సవరించి, పట్టికలోని మృగముల చర్మములు, వానితో చేసిన వస్తువులు, వాని వర్తకము పూర్తిగా నిషేధించిరి. అట్టి మృగముల చర్మములను నిలుపు శిల్పుల వృత్తి కూడ అంతటితో నిలిచినది. 2003లో మఱింత బిగించిరి. యాజమాన్య ధ్రువపత్రము గలవాడైనను ఆ వస్తువును అమ్మరాదు, అమ్మజూపరాదు, మఱి యే విధమైన వ్యాపారపు ప్రతిఫలమునకును మార్చరాదు. ఇతరులు దానిని పొందుటకు మిగిలిన త్రోవ ఒక్కటే: వారసత్వము. స్నేహితునికి కానుకగా ఇచ్చుటకు వీలులేదు. వారసత్వముగా పొందినవాడు 90 దినములలో ఆ సంగతిని అధికారికి తెలుపవలెను. అనగా ఆ పత్రము ‘ఇది నా యింట ఉండవచ్చును’ అని చెప్పునే గాని ‘దీనిని విక్రయింపవచ్చును’ అని చెప్పదు. కాగితము ఉంటేనే కొందునన్న ఆ పెద్దమనిషికి కాగితము ఎందులకో అప్పుడు నాకు అర్థమైనది.

ఇచ్చట కొంచెము ఆగి చెప్పవలెను. పాత చర్మమును అమ్మినంత మాత్రమున బ్రదికియున్న మృగమునకు నష్టమేమి? ఎన్నడో చచ్చిన చిరుతను ఒక గోడనుండి మఱియొక గోడకు మార్చిన అడవికి తరుగేమి? నేను నన్ను అడుగుకొనిన ప్రశ్న ఇది. వర్తకులును న్యాయస్థానములో ఇట్లే వాదించిరి. మా వద్ద ఉన్న సరకు చట్టబద్ధముగా సంపాదించినదే కదా, దానినైన అమ్ముకొననిండు అని కోరిరి. ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము 1997లో ఆ వాదమును త్రోసిపుచ్చినది. 2003లో మఱియొక వింత వ్యాజ్యము సర్వోన్నత న్యాయస్థానము వఱకు పోయినది. మాది ఏనుగుదంతము కాదు, వేలయేండ్లక్రిందట అంతరించి మంచులో పూడియున్న మహాగజముల దంతము, దానికి ఈ చట్టము వర్తింపదు అని వర్తకులు వాదించిరి. న్యాయస్థానము దానికిని సమ్మతింపలేదు. దంతమును చూచి ఇది ఏ కాలపుదో, ఏ జంతువుదో సామాన్యుడు గుర్తింపలేడు. ఒకదానికి అనుమతించినచో దాని చాటున రెండవది నడచును.

చర్మము సంగతియు అంతియే. పదునుపెట్టిన చిరుతచర్మము అఱువదియేండ్లదో, ఆరునెలలదో కంటితో చూచి చెప్పుట కష్టము. తాతగారి పత్రమొకటి చేతికి చిక్కినచో, దానిని చూపి ఒక పాత చర్మముతోపాటు ఎన్ని క్రొత్త చర్మములనైన దాటించవచ్చును. పట్టణపు పెద్దమనిషి రెండున్నర లక్షలు ఇవ్వజూపినది మా చిరుతకు కాదేమో, మా కాగితమునకేమో! ఇది నా అనుమానము మాత్రమే. అతనిని నేను చూడలేదు, పేరును ఎఱుగను.

అడవిలో జరుగునది వేఱుగా చెప్పనక్కఱలేదు. రాజస్థానమునందలి సరిస్కా పులుల అభయారణ్యములో 2004-05 నాటికి ఒక్క పులియు మిగులలేదు. కాపలాదారులున్నారు, కచేరీలున్నవి, కాగితములపై పులులున్నవి. అడవిలో మాత్రము లేవు. వేటగాండ్లు చర్మములకై, ఎముకలకై అన్నిటిని తీసికొనిపోయిరి. 2008లో రణథంభోరునుండి పులులను తెచ్చి మఱల అచ్చట విడువవలసివచ్చినది.

ఆ చర్మములు ఎచ్చటికి పోయెడివి? పెక్కు చర్మములు నేపాళము మీదుగా టిబెట్టు చేరెడివి. అచ్చటివారు పండుగలకు తొడుగు ‘చూబా’ అను నిలువుటంగీ అంచులకు పులి, చిరుత, నీటికుక్క చర్మములు కుట్టించుకొనుట ఒక వైభవముగా పెరిగినది. దీనికి మన తెలుగునేలతో ముడిపడిన ముక్తాయింపు ఒకటి కలదు. 2006 జనవరిలో గుంటూరు జిల్లా అమరావతిలో కాలచక్ర మహోత్సవము జరిగినది. టిబెట్టునుండి కూడ యాత్రికులు వేలకొలది వచ్చిరి. దలైలామాగారు ఆ సభలో తమ జనులను ఉద్దేశించి, మృగచర్మములు ధరించినవారి చిత్రములు చూచి తాము సిగ్గుపడుచున్నామని, అట్టివి కొనవద్దని, ధరింపవద్దని గట్టిగా చెప్పిరి. యాత్రికులు ఆ మాటను మూటగట్టుకొని పోయిరి. మఱుసటి నెలనుండి టిబెట్టులో ఊరూర జనులు తమ పెట్టెలలోని విలువైన చర్మములను వీథులలో కుప్పలుపోసి తగులబెట్టిరి. కృష్ణానదీతీరమున పలికిన మాట హిమాలయముల కావల మంటయై లేచినది. పోలీసులు పట్టుకొని ఆపలేకపోయిన కొనుగోలును, కొనువారే మానుకొనుట ఎంతగా తగ్గించినదో చూచిన ఆశ్చర్యము కలుగును. వేటగాడు వేటాడునది కొనువాడున్నాడనియే కదా!

ఈ మంట సంగతి మా బావకు టెలిఫోనులో చెప్పితిని. అతడు కొంతసేపు మౌనముగా ఉండి, “వాళ్లకి మోకాళ్ల నొప్పులు లేవు కాబోలు” అనెను. ఆ మాటకు నా వద్ద సమాధానము లేదు. శిక్ష మాట కూడ చెప్పితిని. మొదటి పట్టికలోని మృగమునకు సంబంధించిన నేరమునకు మూడేండ్లకు తగ్గకుండ ఏడేండ్ల వఱకు కారాగారము, 2022 నాటి సవరణ తరువాత 25,000 రూపాయలకు తగ్గని జరిమానా. అమ్మినవాడును, కొన్నవాడును సమానమే.

శ్రోతలలో విదేశములందు బిడ్డలున్నవారు కలరు. ఇంగ్లండులో ఉన్న మా బంధువొకరు, అచ్చట వేలముపాటలో మైసూరు పులితల చూచితిననియు, కొని ఇంటికి తేవచ్చునా అనియు వ్రాసెను. అచ్చటి నిబంధనలు వేఱు. 1947కు పూర్వమే తయారైన పాతవస్తువులను, తగిన ఆధారములు చూపినచో, అచ్చట అమ్ముట కొనుట చెల్లును. అయితే ఒక దేశమున కొన్న రశీదు మఱియొక దేశపు సరిహద్దులో చెల్లదు. అంతరించుచున్న జీవజాతుల వర్తకమును గూర్చి 1973లో వాషింగ్టనులో కుదిరిన అంతర్జాతీయ ఒడంబడిక 1975లో అమలులోనికి వచ్చినది. భారతదేశము 1976లో అందు చేరినది. దాని ప్రకారము అనుమతిపత్రములు లేకుండ అట్టి వస్తువును సరిహద్దు దాటించుట నేరము. విమానాశ్రయములో సుంకాధికారులు దానిని స్వాధీనము చేసికొందురు. కావున చూచి సంతోషించి రమ్మని వ్రాసితిని.

మన దేశములో సామాన్యగృహస్థు భయములేక కొనదగినవి ఏవి? మేక, గొఱ్ఱె వంటి పెంపుడుజంతువుల చర్మములకు ఈ చట్టముతో నిమిత్తము లేదు. నెమలి విషయమున ఒక చిన్న మినహాయింపు ఉన్నది. సహజముగా రాలిన నెమలిపింఛములను దేశములోపల ఉంచుకొనుటకు, ఇచ్చిపుచ్చుకొనుటకు అడ్డులేదు. విదేశములకు పంపుట మాత్రము కూడదు. ఇక పులిగోరు పతకము, నక్కకొమ్ము, పులిమీసము అని సంతలలో, యాత్రాస్థలములలో అమ్మునవి నిజమైనవైనచో నేరము, కృత్రిమమైనవైనచో మోసము. కొన్నవాడు రెండు విధముల నష్టపోవును.

పులిగోరు మాట వచ్చినది గనుక, మా యింటి సంగతియే చెప్పెదను. అమ్మమ్మ పెట్టెలో బంగారము కట్టించిన పులిగోళ్ల పతకమొకటి కలదు. మా తరము పిల్లలందఱము దానిని మెడలో వేసికొని చిత్రపటములు తీయించుకొన్నవారమే. దానికి పత్రము లేదు. చిరుతను గూర్చి మాటాడబోయి దీనిని దాచుటయా, చెప్పుటయా? అత్తయ్య చెప్పవద్దన్నది. మా బావ ఒక న్యాయవాదిని సంప్రదించి, ఆయనను వెంటబెట్టుకొని పోయి, అటవీశాఖ కచేరీలో రెండును బల్లమీద పెట్టెను. అధికారి వయస్సులో చిన్నవాడు. వాఙ్మూలము వ్రాసికొని పతకమును పరీక్షకు పంపెను. ఇట్టి పరీక్షలకు మన హైదరాబాదు ప్రసిద్ధము. సి.సి.ఎం.బి. వారి లాకోన్స్ అను ప్రయోగశాలలో ఎముక, చర్మము, రోమము ఏది యిచ్చినను డి.ఎన్.ఏ. పరిశీలించి జంతువును గుర్తింతురు. దేశము నలుమూలలనుండియు అచ్చటికి నమూనాలు వచ్చును. ఆ కొన్ని వారములు అత్తయ్యకు నిద్రలేదు. తుదకు జవాబు వచ్చినది. అవి పులిగోళ్లు కావు, గేదెకొమ్మును చెక్కి మెఱుగుపెట్టినవి! మా అమ్మమ్మ నలుబదియేండ్లు పట్టుగుడ్డలో చుట్టి భద్రపఱచినది గేదెకొమ్ము. కంసాలి ఆమెను మోసగించెనో, కంసాలిని మఱియొకడు మోసగించెనో, ఇపుడు చెప్పువారు లేరు.

ఇక కృష్ణాజినము. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమునకు కృష్ణజింక రాష్ట్రమృగము. కర్నూలు ప్రాంతపు రోళ్లపాడు మైదానములలో దానిని చూచినవారికి దాని అందము తెలియును. పోతుకు నల్లని మేను, తెల్లని పొట్ట, మెలిదిరిగిన కొమ్ములు. అట్టి రాష్ట్రమృగము తోలును పొట్లములో చుట్టి, బల్లక్రిందినుండి తీసి, వటువు యజ్ఞోపవీతమునకు కట్టుట నాకు ఎంతమాత్రమును నచ్చలేదు. నేరమనుట ఒకటి, గాయత్రి ఉపదేశము పొందు పిల్లవానికి మొదటిదినముననే దొంగసరకు కట్టుట మఱియొకటి. పురోహితులను అడుగుటకు జంకుచు, ముందుగా గ్రంథములు తిరుగవేసితిని. మన ప్రాంతమున కృష్ణయజుర్వేదులు పెక్కుమంది ఆపస్తంబసూత్రమును అనుసరించువారు. ఆపస్తంబుని ధర్మసూత్రమున ఒక్కొక్క వర్ణమువారికి ఒక్కొక్క చర్మము చెప్పి, వెంటనే గొఱ్ఱెకు సంబంధించినది అన్ని వర్ణములవారికిని తగుననియు, కంబళి కూడ పనికివచ్చుననియు చెప్పబడినది. కృష్ణజింక దొరకని చోట్లు, దొరకని కాలములు వచ్చునని ఆ మహర్షి అప్పుడే ఊహించియుండవలెను.

ఈ సంగతి విన్నవించగా మా పురోహితులు చిఱునవ్వు నవ్వి, “అది నాకూ తెలుసు నాయనా! కంబళి పోగు చాలు. కృష్ణాజినం వ్రాయకపోతే, పంతులు ఒక వస్తువు తగ్గించాడని బంధువులు అంటారు. అందుకని వ్రాస్తాను” అనిరి. ఇన్నాళ్లు ఎందఱి యిండ్లలో ఆ ఒక్క పంక్తి కొఱకు ఎన్ని పొట్లములు చేతులు మాఱినవో! ఉపనయనము నాడు మా పిల్లవానికి నల్లకంబళి ముక్క కట్టిరి. అది గ్రుచ్చుకొనుచున్నదని వాడు రెండుసార్లు ఫిర్యాదు చేసెను. అంతకుమించి లోపమేమియు జరుగలేదు.

చిరుత మాట మిగిలినది. 90 దినములు నిండుటకు ఇంకను పదునెనిమిది దినములున్నవనగా మా బావ వారసత్వప్రకటన దాఖలుచేసెను. పత్రము తన పేర మార్పించుకొని గోడమీదనే ఉంచుకొనవచ్చును. అతడు వలదనుకొనెను. తన తరువాత పట్టణములో చదువుచున్న పిల్లలు గడువులో ప్రకటింతురో లేదో, ఆ భారము వారికి ఎందులకని అతని ఆలోచన. 2022 నాటి సవరణలో, పత్రముగలవారు ఉంచుకొన నిష్టపడనిచో ఏడు పనిదినముల నోటీసు ఇచ్చి వస్తువును ప్రధాన వన్యప్రాణి సంరక్షణాధికారికి అప్పగించుటకు ఏర్పాటు చేసిరి. దానికి పరిహారము ఒక్క పైసయు రాదు. అప్పగించిన వస్తువు ప్రభుత్వముది యగును, పత్రము రద్దగును.

అప్పగించునాడు నేనును పోయితిని. గోడనుండి దించి వెనుకవైపు చూడగా, కొయ్యపలకకు మైసూరువారి కాగితపుచీటి అంటియే ఉన్నది. అధికారి దానిని ముచ్చటగా చదివి ఛాయాచిత్రము తీసికొనెను. అత్తయ్య చిరుత తలమీది దుమ్మును పైటచెఱగుతో తుడువబోగా, పాషాణము మాట జ్ఞప్తికి వచ్చి నేను వారించితిని. “ముప్పయ్యేళ్లు తుడిచాను, ఇవాళ కొత్తగా ఏమవుతుంది?” అనెను ఆమె. రశీదు మీద మా బావ సంతకము చేసెను. అత్తయ్యకు ఒక మోకాలికి వైశాఖములో శస్త్రచికిత్స జరిగినది. రెండవదానికి మామిడితోట కౌలు వచ్చువఱకు ఆగవలసివచ్చినది. నడవలో సున్నము మాసిన గోడమధ్య, చిరుత ఆకారముననే, తెల్లని చోటు ఇంకను ఉన్నది. మొన్న వేసవిలో మా పిల్లవాడు దానిని చూచి, ఇదేమని అడిగెను.